ఎండ పక్క తాత

పై ఇంటి తాత పోయారు. ఈ సంగతి మన వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలిసిందే. ఆంటీ ఆయన ఫొటో పెట్టినప్పుడు అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆ ఒక్క బొమ్మతో అయిపోయినట్టు అనిపించలేదు. ఈ గ్రూపులో నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఇండియాలో నా బడి సగంలోనే ఆగిపోయింది. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అమ్మా నేనూ కెనడాలో, సర్రేలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటాం. పైన అంకుల్, ఆంటీ, అంకుల్ వాళ్ళ నాన్న. ఆయనే తాత. వాళ్ళది ఫిజీ. తాత వాళ్ళ తాతని ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడలో చెరకు తోటల పనికి తీసుకెళ్ళారట. అందుకే ఆయన తెలుగు వేరుగా ఉండేది. మేం తెలంగాణ వాళ్ళం. మొదటి రోజే అమ్మ మాటలు విని, "నీది తెలుగేనా అమ్మా? నాకు సగం తెలిసింది, సగం తెల్లేదు" అన్నారు. అమ్మ, "నాక్కూడ గంతే తాత" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ రోజు నుంచి, పైవాళ్ళు డ్యూటీకి వెళ్ళాక మధ్యాహ్నం తాత మెట్లు దిగి మా దగ్గరికి వచ్చేవారు. అమ్మ బేకరీ షిఫ్ట్ తెల్లారే అయిపోయేది కాబట్టి ఇంట్లోనే ఉండేది. నేను బడి నుంచి వచ్చాక తాత మాతోనే తినేవారు.

ఆయన తినే పద్ధతి మీరెవరూ చూసి ఉండరు. కంచంలో అన్నం పెట్టగానే వేళ్ళతో దాన్ని పొడుగ్గా నొక్కి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గట్టులా చేసేవారు. నేను గుట్టలా ఉందంటే ఒప్పుకునేవారు కాదు.

"గుట్ట కాదు బాబూ, ఎన్నుపూస. మా దేశం నడుం మీద ఇలగ నిలువునా కొండలుంటాయి. నువ్వు తూరుపు. ఊదు."

నేను ఊదేవాణ్ణి.

"అదీ గాలి. సముద్రం మీంచి మబ్బుని తోసుకొచ్చింది. కొండకి కొట్టుకుంది. ఇప్పుడు సూడు." నా వైపు మాత్రమే చారు పోసేవారు. గట్టుకి అవతల అన్నం తెల్లగా, పొడిగా అలాగే ఉండేది. అక్కడ కారప్పొడి వేసుకుని, "ఇది మా పక్క. ఎండ పక్క. చెరకు పండేది ఇక్కడే" అని ముందు అదే తినేవారు.

చాలా రోజులు అమ్మకి ఇది నచ్చలేదు. అన్నంతో ఆటలేంటి అని నాతో గొణిగేది. తర్వాత్తర్వాత తనే గరిటె పట్టుకుని, "తాత, వాన పడాల్నా?" అని అడిగేది.

ఇక్కడ వారాల తరబడి వాన పడుతుంది కదా. తాత కిటికీ దగ్గర నిలబడి ఉత్తరాన కొండల మీద మబ్బుని చూసేవారు. "ఇదంతా తడి పక్కే బాబూ. నాను ఎండ పక్కోణ్ణి. తప్పొచ్చి ఇక్కడ పడ్డాను" అనేవారు. బాధగా కాదు, నవ్వుతూనే. కానీ స్వెటర్ మీద ఇంకో స్వెటర్ వేసుకునేవారు.

ఒకసారి స్కూల్లో సరిగ్గా ఇలాంటి కొండా మబ్బూ బొమ్మే చూపించి అడిగారు, కొండకి అవతల వాన ఎందుకు పడదని. నాకు తెలుసు. నోరు తెరవలేదు. ఇంటికొచ్చి చెప్తే తాత నా నెత్తి మీద ఒకటి మెల్లగా మొట్టారు. "తెలిసింది నీలోనే కురిసిపోతే ఎలగ? అవతలోళ్ళకి ఒక్క సుక్క రాదు కదా."

ఆ కొండల్లోనే రెండు నదులు పుడతాయని కూడా చెప్పేవారు. రేవా తడి పక్కకి పోతుంది. బా ఎండ పక్కకి పోతుంది. తాత భార్య అస్థికలు బా నదిలోనే కలిపారు. అప్పటికి అంకుల్ చిన్నప్పుడే మేనమామతో కెనడా వచ్చేసి ఇక్కడే ఉన్నారు, వెళ్ళలేకపోయారు. "నన్నూ ఆ ఏట్లోనే కలపాలి. ఆడికి సెప్పాను. ఫిజీ అంతా ఒకటే వీధి అనుకుంటాడు ఆడు, గుర్తుంటాదో లేదో" అని తాత అనేవారు.

పెద్దకర్మ రోజు పైన భోజనాలు పెట్టారు. అంకుల్ ఆంటీతో టికెట్ల గురించి మాట్లాడుతున్నారు. "ఫిజీలో, సువా సిటీలో కజిన్ ఉన్నాడు. రేవా వాడింటికి దగ్గరే, బిగ్ రివర్. అస్థికలు అక్కడ కలిపేస్తే ఈజీ. డాడ్ ఫిజీ అన్నారు, ఫిజీయే కదా."

నా చేయి కంచంలోనే ఆగిపోయింది. చుట్టూ ఇంతమంది పెద్దవాళ్ళు. నెత్తి మీద మొట్టికాయ గుర్తొచ్చింది.

"అంకుల్, రేవా కాదు."

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ, "ఏందిరా?" అంది. నా కంచంలో అన్నాన్ని పొడుగ్గా నొక్కి, ఒక పక్క చారు పోశాను.

"ఇది తడి పక్క. రేవా ఇటు పోతది. బా అటు. రెండు ఆ కొండలల్లనే పుడ్తయి, మళ్ల కలవవు. మీ అమ్మను అటే కలిపిన్రు."

"సముద్రం ఒకటే కదరా" అన్నారు అంకుల్, కోపంగా కాదు.

"ఒకటే అంకుల్. కానీ తాత ఎండ పక్కకే అన్నడు."

అంకుల్ నా కంచంలోని గట్టు వైపు చూశారు. "ఐ యూజ్డ్ టు బ్లో," అన్నారు ఆంటీతో, మెల్లగా. "చిన్నప్పుడు. నేనే విండ్." తర్వాత ఏమీ తినలేదు. కాసేపటికి ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, టికెట్ మార్చడం గురించి ఎవరితోనో మాట్లాడారు.

పోయిన వారం అంకుల్ ఫిజీ నుంచి నాకొక వీడియో పంపారు. చిన్న పడవ, ఒకటే ఎండ. బా నది మట్టి రంగు నీళ్ళతో సముద్రంలోకి వెళ్తోంది. వెనక కొండలు, వాటి అవతల నల్లటి మబ్బు, ఇటు రావడం లేదు. ముందు చాలా దూరంలో పగడాల గట్టు మీద అలలు విరిగి తెల్లటి గీతలా కనిపిస్తున్నాయి. తాత ఆ గీత గురించి కూడా చెప్పారు. ఏటి నీళ్ళు వచ్చే చోట పగడం పెరగదట, గట్టుకి అక్కడ సందు ఉంటుందట. పడవలన్నీ అందులోంచే బయటికి పోతాయట.

ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాను. ఆ తెల్లగీత అంత పొడుగునా ఉంది. ఒక్క చోట మాత్రం లేదు. అక్కడ నీళ్ళు నీలంగా, కదలకుండా, తెరిచిపెట్టిన తలుపులా ఉన్నాయి.