గడియ వేసిన కొట్టంలో సర్వపిండి

మా అత్తమ్మ పుష్పమ్మ పాలు పోసి వచ్చి, అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ప్రాణం వదిలింది. దానికే నివ్వెరపోయాం. అయితే పదకొండో రోజు డాబా మీద చూసినదాని ముందు అదొక లెక్కే కాదు.

గౌలిపురలో మాది పాల ఇల్లు. అత్తమ్మ నోటికి గల్లీ అంతా జడిసేది. ఆ నోటితో పాటు ఇంకోదానికీ ఆమెకు పేరుంది: ఉల్లిగడ్డ సర్వపిండి. బియ్యప్పిండిలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నానిన శెనగపప్పు, నువ్వులు కలిపి, గిన్నె అడుగున పలుచగా అద్ది, సన్నసెగ మీద కాల్చినది. అంచు కరకర, నడుమ మెత్తన. బోనాలకు ఎవరింటికి చుట్టాలొచ్చినా పుష్పమ్మ సర్వపిండి కోసం మా గుమ్మంలోకే వచ్చేవారు.

నాకు మాత్రం ఆమె ఒక్కసారీ నేర్పలేదు. తెల్లవారకముందే బర్రెల కొట్టంలో, దాణా ఉడికించే పొయ్యి మీద, తలుపు గడియ పెట్టుకొని చేసేది. "దిష్టి తగుల్తది, రాకు" అనేది. బర్రెల దిష్టి తగలదట, కోడలి దిష్టి తగులుతుందట! అత్త మీద కోపం దుత్త మీద తీస్తారంటారు. పాల ఇంట్లో దుత్తలకు కొదవేముంది? నా కోపం గల్లీ చివరిదాకా వినిపించేది. ఆమె పోయాక కూడా అది చల్లారలేదు.

పదకొండో రోజు డాబా మీద పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క. మాంసం, కల్లు, జిలేబీ పెట్టాం. నేను చేసిన సర్వపిండీ పెట్టాం. అది ఒక పక్క మాడింది, ఒక పక్క పచ్చిగా ఉంది. కాకులు పిట్టగోడ మీద వరుసగా కూర్చున్నాయి కానీ ఒక్కటీ దిగలేదు.

పొద్దు నడినెత్తికొచ్చింది. చుట్టాలంతా ఆకలితో నన్నే చూస్తున్నారు. మా ఆడబిడ్డ అమల అననే అంది.

"వదినా, అమ్మ నీ మీదనే మనసు విరిగి పోయింది. గా సర్వపిండి సుత నేర్సుకోకపోతివి."

"నేర్పితే గద నేర్సుకునేది!" అన్నాను. ఏడుపొచ్చింది. నా మొగుడు బాలరాజ్ నా దిక్కే చూడలేదు.

అప్పుడు లేచాడు మా మామ మొగులయ్య. కుండలో నీళ్లు కూడా తానుగా ముంచుకొని తాగని మనిషి. కిందికి పోయి, కొట్టంలోంచి ఆ గిన్నె, చిన్న స్టవ్వు, పిండి, ఉల్లిగడ్డలు తెచ్చుకొని అందరి నడుమా కూర్చున్నాడు. ఉల్లిగడ్డ తరిగి, ఉప్పు చల్లి పిసికాడు. దాని నీరు దిగాకే పిండి కలిపాడు. నేనేమో చెంబుడు నీళ్లు గుమ్మరించాను! పొదుగు పట్టే ఆ మొద్దు వేళ్లు గిన్నెలో గిరగిర తిరుగుతుంటే మేమంతా దగ్గరికి జరిగాం.

"బాపూ! నీకెట్లొచ్చు?" అమల కేకేసింది.

"ఎప్పుడు గూడ నేనే చేసిన బిడ్డా," తలెత్తకుండా అన్నాడు మామ. "పెండ్లైన కొత్తల మీ అమ్మకు రాకపోతుండె. పుట్టింటికి తోల్తనని మా అమ్మ ఒకటే లొల్లి. పాలు పిండే యాళ్లకు నేనే కొట్టంల చేసి ఆమె చేతికిచ్చిన. ఆమెకు మస్తు పేరొచ్చింది. పేరొచ్చినంక ఎట్ల చెప్తం?"

నేర్పలేదని నేను ఇన్నేళ్లు తిట్టుకున్న మనిషికి అసలు రానే రాదు! గల్లీని గడగడలాడించిన ఆ నోరు, కోడలి ముందు ఈ ఒక్క మాట అనడానికి భయపడింది. నా దుత్తల చప్పుడుకు లోపల ఎంత వణికిందో పిచ్చిది.

మామ చెయ్యి ఆగింది. "నూనె దిగనీకి బొక్కలు ఆమెనే వెడుతుండె, చిటికెనేలుతోని. ఆమె పని గదొక్కటే." గిన్నె నా ముందుకు జరిపాడు. "నువ్వు వెట్టు బిడ్డా."

ఎన్నడూ ముట్టనివ్వని గిన్నెలో వేలు పెట్టాను. "అత్తమ్మా" అని ఏడ్చేశాను. మామ బొక్కల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి కాల్చి, వేడివేడిగా విస్తరిలో పెట్టాడు.

కాకి ఎప్పుడు దిగిందో మాలో ఒక్కరూ చూడలేదు. అంచు తెగిన సర్వపిండిని బాలరాజ్ చూపించేదాకా అందరం నోళ్లు తెరుచుకొని మామ చేతులనే చూస్తున్నాం.