తొమ్మిదిలో మనదెంత?

సరిహద్దు పోస్టుకు చేరింది ఉదయం పదకొండు ఇరవైకి. పదహారు వేల అడుగులు. మైనస్ పద్నాలుగు. ఎండ ఉంది, వేడి లేదు. నా వీపు మీద బెడ్డింగు, ముందు నడిచే పోర్టర్ వీపు మీద నా టెస్టు పెట్టె. నేను అప్పుడు ఆర్మీ సిగ్నల్స్‌లో రేడియో మెకానిక్‌ని. పోస్టులో నాతో కలిపి పద్దెనిమిది మంది.

ఇక్కడే ఒక మాట చెప్పేయాలి, ఆపుకోలేను. మొన్న శుక్రవారం నా బి.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ ఫలితం వచ్చింది. ఫస్టు క్లాసు! ముప్పై తొమ్మిదేళ్ళకి. మా వంశంలో డిగ్రీ చేతపట్టిన మొదటివాణ్ణి నేనే. వచ్చే సోమవారం నుంచి మా జంషెడ్‌పూర్ పక్కనే ఆదిత్యపూర్‌లో యాంప్లిఫయర్లు చేసే చిన్న యూనిట్‌లో టెస్టింగ్ పని. టెల్కో కాలనీలో తెలిసినవాళ్ళందరికీ చెప్పేశాను, కొందరికి రెండుసార్లు. పిల్లలతో సమానంగా బెంచీ మీద కూర్చుని ఎందుకు చదివానో చెప్పాలంటే మళ్ళీ ఆ పోస్టుకే వెళ్ళాలి.

నాకిచ్చిన ఆర్డరు చిన్నది. దారి మంచుతో మూసుకుపోయేలోగా పోస్టులో ప్రతి సెట్టునూ పరీక్షించాలి. ఫెయిలైనవి చివరి పోర్టర్ల జట్టుతో కిందకు పంపాలి. జట్టు మర్నాడు ఒంటిగంటకు బయల్దేరుతుంది. ఆ తర్వాత నాలుగు నెలలు పైకి ఏమీ రాదు.

రేడియోలన్నీ పాసయ్యాయి. మిగిలింది హారన్ స్పీకరు తాలూకు యాంప్లిఫయర్. తెల్లటి మంచు కమ్మితే గస్తీకి వెళ్ళినవాళ్ళకు తమ చెయ్యి తమకే కనబడదు. పక్కనే లోయ. రేడియో మాట చెబుతుంది, దిక్కు చెప్పదు. స్పీకరులో పిలిస్తే గొంతు వచ్చే వైపు నడిచి వస్తారు. అందుకే ఆ యాంప్లిఫయర్ పెట్టె.

పరీక్ష ఇలా ఉంటుంది. యాంప్లిఫయర్‌లోకి ఒకే ఒక శుద్ధమైన స్వరం పంపాలి. బయటకొచ్చిన దాంట్లోంచి మీటరు ఆ స్వరాన్ని తీసేసి, మిగిలిందంతా డిస్టార్షన్ కింద, అంటే పెట్టె కలిపిన వంకర కింద, శాతంలో చూపిస్తుంది. అయిదు దాటితే ఫెయిల్. సూది తొమ్మిది దగ్గర నిలబడింది. మూడుసార్లు చూశాను. తొమ్మిదే. ఎర్ర ట్యాగు కట్టాను.

ఆ స్పీకరులో మాట్లాడే ఆపరేటర్‌ది పలాస వైపు. చూడగానే మీద పడ్డాడు.

“ఏటిరా జంషెడ్‌పూరూ, దూడకి కట్నట్టు ఎర్ర తాడు కట్నావు?”

“తొమ్మిది వత్తంది అన్నా. ఐదు దాటకూడదు.”

“మాట సుబ్బరంగా ఇనబడతంది కదేటి! నీ మీటరుకి సెవులున్నాయా?”

“రూల్లో అలాగే ఉంది.”

“రూలు కింద కూకుంటాది. గస్తీకి ఎల్లేది మనోళ్ళు.”

మర్నాడు ఎనిమిది నలభైకి శాటిలైట్ ఫోను నా వంతు. రెండు నిమిషాలు. నాన్న మా ఊరి పక్క గమ్హరియాలో ఇనుప రేకులు నొక్కే ఒక ప్రెస్సు షాపులో ఫిట్టర్. పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు.

“ఆగు బాబూ, ఇటుపక్క ప్రెస్సు నడుత్తంది... ఆఁ, సెప్పు. తిన్నావా?”

“తిన్నాను నాన్నా. ఇక్కడో మిషను ఫెయిల్ చేసినాను. అందరూ నామీద పడతన్నారు.”

“బేరింగా?”

“కాదు, సౌండు మిషను.”

“ఏదైతే ఏటి? ముందల నీ మిషను బంద్ చేసి ఇన్నావా?”

“బంద్ చేత్తే ఏటి ఇనబడతాది?”

“పక్కోడిది ఇనబడతాది రా! అదెంతో తెలకండా, సప్పుడంతా నీ బేరింగుదే అంటే ఎలాగ?”

లైను తెగింది.

నాన్న పద్ధతి నాకు తెలుసు. స్క్రూడ్రైవర్ కొస మిషనుకు ఆనిస్తాడు, పిడి చెవికి ఆనిస్తాడు, కళ్ళు మూసుకుంటాడు. ముందు ఆగిన మిషనును వింటాడు. తర్వాత నడిచే మిషనును. షెడ్డు నిండా ప్రెస్సులు దడదడలాడుతుంటే వేరే దారి లేదు.

పెట్టె దగ్గరికి పరిగెత్తాను. ఏ నాబూ కదపలేదు. స్వరం ఒక్కటే ఆపి ఇన్‌పుట్ మూసేశాను. సూది సున్నాకు పడాలి. ఎనిమిది పాయింట్ ఏడు దగ్గరే ఆగింది. పన్నెండు అడుగుల దూరంలో జనరేటర్. కరెంటు దాన్నుంచే. దాని రొదంతా తీగల వెంట వచ్చి నా మీటరులో కూర్చుంది.

పోస్టు కమాండర్ కెప్టెన్ సాబ్‌కు చెప్పాను. ఆయన మాటలు హిందీలో, నేను తెలుగులో రాస్తున్నాను.

“సాబ్, అసలు డిస్టార్షన్ పాయింట్ మూడే.”

“కొత్త పెట్టెకే అంత రాదు. ఎలా లెక్కేశావ్?”

“తొమ్మిదిలోంచి ఎనిమిది పాయింట్ ఏడు తీసేశాను.”

ఆయన చేతికర్రతో మంచులో ఒక లంబకోణ త్రిభుజం గీశారు.

“ఈ భుజం జనరేటర్ రొద. ఈ భుజం పెట్టెది. నీ మీటరు చూపేది ఈ ఏటవాలు గీత. భుజాలు రెండూ కూడితే అది వస్తుందా?”

“రాదు సాబ్. వర్గాలు కూడాలి.”

“అయితే తీసేయాల్సింది కూడా వర్గాలే.”

ట్యాగు వెనక రాశాను. ఎనభై ఒకటిలోంచి డెబ్భై అయిదు పాయింట్ ఆరు తొమ్మిది పోతే అయిదు పాయింట్ మూడు ఒకటి. వర్గమూలం రెండు పాయింట్ మూడు. పాస్! ఎగిరి గంతేయబోయాను.

“ఆగు. రొద మరీ పెద్దది. సూది వెంట్రుకవాసి జరిగితే నీ జవాబు ఎక్కడికో పోతుంది. రొద తగ్గించి మళ్ళీ కొలు.”

తగ్గించడమంటే జనరేటర్ ఆపడమే. దాని మెకానిక్ అడ్డంగా నిలబడ్డాడు.

“ఈ చలిలో ఆపితే మళ్ళీ లేవదు సాబ్. లేవకపోతే ఇతను ఊది నడుపుతాడా?”

“పది నిమిషాలు,” అన్నారు కెప్టెన్ సాబ్.

పన్నెండు ఇరవై అయిదు. పోర్టర్లు మూటలు కడుతున్నారు. జనరేటర్ ఆగింది. పెట్టెను బ్యాటరీ మీద పెట్టాను. స్వరం లేకుండా సూది రెండు చూపింది. స్వరంతో మూడు. వాటి వర్గాలు, తొమ్మిదిలోంచి నాలుగు పోతే అయిదు. వర్గమూలం రెండు పాయింట్ రెండు. రెండు దారుల్లో దాదాపు ఒకటే జవాబు. అది కెప్టెన్ సాబ్‌కు చూపించి పన్నెండు ముప్పై నాలుగుకి ఎర్ర ట్యాగు కోసేశాను.

ఆపరేటర్ దాన్ని తీసి నా టోపీకి కట్టాడు. “ఈడిని పంపెయ్యండి కిందకి. ఈడికే వంకరుంది.” తొమ్మిదిసార్లు తిప్పితే గానీ జనరేటర్ లేవలేదు. తిప్పిన ప్రతిసారీ మెకానిక్ మా ఇంట్లో ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. ఒంటిగంటకు పోర్టర్లు దిగిపోయారు. పెట్టె మా దగ్గరే ఉండిపోయింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండూ పదికి తెల్లగా కమ్మేసింది. అయిదుగురు గస్తీలో ఉన్నారు. జనరేటర్ బంద్, స్టవ్వులు బంద్, మాటలు బంద్ అని ఆర్డరు. బదులొస్తే వినబడాలి కదా. బ్యాటరీ మీద ఆపరేటర్ ఒక్కడే మాట్లాడాడు. “ఇధర్ ఆవో. ఆవాజ్ పే ఆవో.” ఇటు రండి, గొంతు వైపు రండి అని. పిలుస్తాడు, ఆగుతాడు, వింటాం. మళ్ళీ పిలుస్తాడు. నలభై అయిదు నిమిషాలు. నా పెన్సిలు లెక్క తప్పయి ఉంటే అని ఒకటే ఆలోచన. రెండూ యాభై అయిదుకు ఎక్కడో ఒక విజిల్.

నాలుగు నెలలకు దిగాను. స్టేషనుకు నాన్న వచ్చాడు, షిఫ్టు బట్టల్లోనే. దారంతా అడిగాడు, నేను చెప్పాను. ఒకటి మాత్రం చెప్పలేకపోయాను. రొదకూ డిస్టార్షన్‌కూ త్రిభుజమేమిటి? నేను కెప్టెన్ సాబ్ మీద నమ్మకంతో చేశాను. అర్థమై కాదు. సర్వీసు అయ్యాక కాలేజీలో చేరింది అందుకే. ఒకదానితో ఒకటి సంబంధం లేని చప్పుళ్ళు కలిసినప్పుడు కూడేది వాటి బలాలు, అంటే వర్గాలు. రెండో ఏడు అది క్లాసులో బోర్డు మీద చూసిన రోజు బెంచీ మీద గట్టిగా చరిచాను. సార్ బయటకు పంపారు.

శుక్రవారం నాన్నకు మార్కుల కాగితం ఇచ్చి, నా ప్రాజెక్టు ఏమిటో చెప్పాను: చుట్టూ ఉన్న రొదలోంచి మిషను సొంత చప్పుడు వేరుచేసి కొలవడం. కాగితం మీద నా పేరు దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

“ఇదేటి, నాను రోజూ సేసిందే కదా. దీనికి కాయితం ఇచ్చీసినారేటి?”

తర్వాత దాన్ని పట్టుకుని పక్క క్వార్టర్‌కు పోయాడు. గంటదాకా రాలేదు.

ఆ పోస్టు గురించి ఎవరడిగినా నాకు ముందు కనబడేది ఒక్కటే. ఒకే తాడుకు అయిదుగురు. ముందువాడి కనురెప్పలు మంచుతో అతుక్కుపోయాయి. చేతి తొడుగు తీసేసి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి, అడుగులో అడుగు వేసుకుంటూ స్పీకరు వైపు వస్తున్నాడు.