నారు కాని నారు

తళి ఊరి దగ్గర, ప్లాస్టిక్ కప్పు కింద ఆకుకూరలు పెంచే పాలీహౌస్‌లో కూలికి పోయే తిమ్మక్క ఎప్పుడూ నేలను చూస్తూనే నడుస్తుంది. గాజులు పైకి తోసి, కొంగు నడుముకు దోపి మడి ముందు కూర్చుందంటే వేళ్ళు వాటంతట అవే పనిలో పడతాయి. ఊహ తెలిసినప్పటి నుంచి రాగి నారు పీకి నాటిన వేళ్ళవి. అందుకే బెంగళూరు హోటళ్ళలో పచ్చిగా తినే క్రెస్ ఆకు వేలెడు పొడవు మొలిచి ఒత్తుగా కనబడగానే, ఎవరూ చెప్పకుండానే సగం మడి పీకి, పక్క సాళ్ళలో దూరం దూరంగా నాటి నీళ్ళు పోసింది. సూపర్‌వైజర్ తిలక్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

“ఏం పని చేసినావక్కా? ఇది నాటేది కాదు, ఇట్లే కత్తెరతో కోసేది.”

“నారు కదప్పా. నారును ఎవురన్నా తింటారా?”

“తింటారు. నువ్వు నాటింది పెరిగేదాకా హోటలోళ్ళు ప్లేట్లు పట్టుకోని కూర్చోనుంటారా? మిగిలిందన్నా సరిగ్గా కొయ్యి. ఓనరు చూస్తే రేపట్నుంచి నిన్ను రావద్దంటాడు.”

తిమ్మక్క ఒక మొలక నోట్లో వేసుకుంది. మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమంది. పసిమొలకకే ఇంత కారమైతే, పెరగనిస్తే ఏమయ్యేదో, పెరగనివ్వకుండా ఎందుకు కోస్తారో ఆమెకు అంతుపట్టలేదు. పని పోతే ఏమవుతుందో మాత్రం తెలుసు. కత్తెర అందుకుంది. గుప్పెడు కోసింది. కోసిన గుప్పెడును నారు పీకిన అలవాటుగా పాదానికేసి కొట్టింది, వేర్లకంటిన మన్ను రాలాలని. ఏమీ రాలలేదు. గుప్పెడు తిరగేసి వేర్ల కోసం చూసింది.