ఉప్పు ముందుగా కలిపిన రోజు

ఇవాళ వంటింట్లోంచి కీరదోస కోసిన వాసన రాగానే, ఎప్పటిలాగే సిగ్గుగా అనిపించింది. ఆ రోజు సలాడ్‌ను పాడుచేసింది నేనే. బాలమణక్క మాట పడుతుంటే నోరు మెదపనిదీ నేనే.

ఎనభైలలో బొంబాయిలో తెలుగు కూలీలుండే కామాటిపురాలో, వరస గదుల చాల్‌లో మా పక్క గది బాలమణక్కది. పాలమూరు నుంచి భర్తతో కూలిపనికి వచ్చింది. ఆయన పోయాక ఇళ్లల్లో వంట చేసేది. బొంబాయి వానలు చూడటానికి వచ్చే అరబ్బు కుటుంబాలకు రెండు వానాకాలాలు వండిపెట్టి ఈ సలాడ్ నేర్చుకుంది. కీర, టమాట, ఉల్లి, పుదీనా, ఉడికిన కాబూలీ శనగలు. ముక్క ఏదైనా శనగ గింజంతే ఉండాలి. ఆలివ్ నూనె మందుల షాపులో చిన్న డబ్బాల్లో దొరికేది.

"పసిపిల్లలకు రాసే నూనె మాకు తినిపిస్తవానే?" అని నల్లా దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"తిని సూడుండ్రి, మీరు గూడ నున్నగైతరు" అనేది అక్క.

నాకు కత్తి పట్టడం నేర్పింది ఆమే. నేను గబగబా కోస్తే, "గంత తొందరేంది శంకరూ, రైలు పోతుందా?" అని నవ్వేది.

పక్కపేట నాగ్‌పాడాలో ఒక హోటల్ సేటు వంటమనిషి కోసం చూస్తూ, అక్క చేతివంట రుచి చూడటానికి వస్తానన్నాడు. ఆ కొలువు దొరికితే ఆమెకు ఇల్లిల్లూ తిరిగే బాధ తప్పుతుంది. "నేను రొట్టెలు కాలుస్త. సేటు కూసున్నంకనే ఉప్పు, నిమ్మరసం కలుపు" అని ఆ పని నాకు అప్పగించింది. ఇరవై ఏళ్లవాణ్ని, ఉద్యోగం చేస్తున్నవాణ్ని. అయినా కింద క్యారమ్ చప్పుడు వినగానే నిలవలేకపోయాను. గంట ముందే అన్నీ కలిపేసి దిగిపోయాను.

సేటును చూసి నేను పైకి పరుగెత్తేసరికి గిన్నెలో ముక్కలు ఉప్పుకు ఊరిన నీళ్లలో తేలుతున్నాయి.

"యే సలాడ్ హై యా సూప్?" అన్నాడు సేటు.

అక్క నా వైపు ఒక్కసారి చూసింది. "గల్తీ హో గయీ సేఠ్" అని తప్పు తనమీదే వేసుకుంది. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను.

ఆయన వెళ్లిపోయాక నీళ్లు వంచేసి, మిగిలింది నా ముందు పెట్టి, "తిను, పారేస్తమా?" అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పనికి పోకుండా నాగ్‌పాడా వెళ్లాను. హోటల్లో తింటున్నవాళ్లందరూ వింటుండగా సేటుకు జరిగింది చెప్పాను. "నిన్న నీ నోరేమైంది?" అన్నాడు. ఆమె వంట ఇంకొక్కసారి చూడమని బతిమాలాను. కాసేపటికి, "ఆమెను తీసుకురా. ఇక్కడే చేసి పెట్టమను. నువ్వు మాత్రం వంటింట్లోకి రాకు" అన్నాడు.

తిరిగొచ్చి సేటు రమ్మన్న సంగతి చెప్పి, నల్లా దగ్గర అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. "నాకెరుక లేదా? చల్, కూరగాయల సంచి పట్టు" అంది అక్క.

ఆమె లోపల వండినంతసేపూ హోటల్ బయట ఎండలో నిలబడ్డాను. చివరికి అక్క బయటికి వచ్చి, "రేపట్నుంచి రమ్మన్నడు" అంటూ చీర కొంగుతో నా ముఖం తుడిచింది. ఆ తర్వాత నేను చేసిన తప్పులు తక్కువేమీ కావు. కానీ ఒప్పుకోవడానికి మర్నాటిదాకా ఎప్పుడూ ఆగలేదు.