మానిటర్‌లో సీరియల్, చాటలో బుడ్డలు

క్షమించడం గొప్ప గుణమంటారు. నాకు లేదు, తెచ్చుకునే ఉద్దేశమూ లేదు.

మా ఎదురింటామె పెద్ద రైతు భార్య. వాళ్లింట్లో గోడంత టీవీ ఉండేది. విత్తనానికి వేరుశెనగ కాయల్ని, అంటే మా వైపు బుడ్డల్ని, చేత్తోనే ఒలవాలి. మిషన్‌కు వేస్తే పప్పు చితికి సరిగా మొలవదు. ఒలిచేందుకు కూలి ఎందుకివ్వాలని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. మధ్యాహ్నం రెండింటికి సీరియల్ పెట్టి తలుపులు బార్లా తెరిచేది. వీధిలో ఆడవాళ్లు గడప బయట కూర్చుని, చూస్తూ ఒలిచేవాళ్లు. వాళ్లలో మా అమ్మ ఒకతె.

"ఆడ్నే కూర్చో మే, ఆడ్నుంచి బాగా కనపడ్తాది" అనేది ఆమె, లోపల సోఫాలో కాళ్లు చాపుకుని.

ఒలిచీ ఒలిచీ ఒకసారి అమ్మ బొటనవేలు చీలి చీము పట్టింది. ఆ రోజే సీరియల్‌లో తప్పిపోయిన బిడ్డ తల్లికి కనపడే రోజు. అమ్మ వేలికి గుడ్డ చుట్టుకుని వెళ్లి కూర్చుంది. ఎదురింటామె అమ్మ చేతుల వంక చూసి, రిమోట్ తీసి టీవీ ఆపేసింది.

"ఉత్త చేతుల్తో చూసేదానికి ఇదేమన్నా సినిమా హాలా?"

మిగతా ఆడవాళ్లు, నువ్వు లేచిపోతే మళ్లీ పెడుతుంది కదా అన్నట్టు అమ్మను చూశారు. అమ్మ లేచింది. మా వాకిట్లో నిలబడి అంతా విన్నాను.

"పోనీలే పాపా" అంది అమ్మ ఇంట్లోకి వస్తూ. నేను పోనివ్వలేదు.

అప్పట్లో కళ్యాణదుర్గంలో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగ్ చేసేదాన్ని. మరుసటి ఎండాకాలం వాళ్లు పాత సామాను తీసేస్తుంటే ఒక మానిటర్, ఒక యూపీఎస్ అడిగి తెచ్చుకున్నాను. షేర్ ఆటోలో దారి పొడుగునా మానిటర్ నా ఒళ్లోనే ఉంది. మిద్దె మీద డిష్ పెట్టించి, దాని డబ్బాను మానిటర్‌కు కలిపే కన్వర్టర్ కొన్నాను. బొమ్మ వచ్చింది, మాట రాలేదు. మానిటర్‌కు నోరుండదు కదా! విడిగా స్పీకర్లు తెచ్చి వాటి మూతులు ఎదురింటి వైపు తిప్పి పెట్టాను. కావాలనే.

"ఇది కంప్యూటర్ కదే, దీంట్లో సీరియల్ యాడ వస్తాది?" అంది అమ్మ. వచ్చాక నోరు తెరుచుకుని చూసింది.

మూడో రోజుకల్లా వీధి ఆడవాళ్లంతా మా ఇంట్లో, లోపల, చాప మీద ఉన్నారు. ఎదురింటి బుడ్డలు గోతాల్లోనే ఉండిపోయాయి. అయినా నా కసి తీరలేదు. ఆమె రావాలి. మా గడప దగ్గరికి ఆమే రావాలి.

వచ్చింది. గాలి రేగి కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం. వాళ్లకు ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోతే మా ఊళ్లో కేబులే రాదు. మాకు డిష్ ఉంది, యూపీఎస్ ఉంది. ఇరవై నిమిషాలు ఢోకా లేదు.

"ఏమ్మే, మాకు రాలేదు. ఈ పొద్దు దాని మొగుడు బతికొస్తాడంట కదా" అంటూ కొంగు సర్దుకుని గడప ముందు నిలబడింది.

నేను లేచి యూపీఎస్ మీట మీద వేలు పెట్టాను. ఏడాదిగా దాచుకున్న మాట నాలుక చివరే ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఈమె మంచితనం మండిపోనూ, అనుకున్నాను.

"ఆడ్నే కూర్చోక్కా" అంది అమ్మ, గొంతు పెంచకుండా. "ఆడ్నుంచి బాగా కనపడ్తాది."

అంత చిన్న మానిటర్ గడప దగ్గరికి సరిగా కనపడదని చాప మీదున్న అందరికీ తెలుసు. ఎవరూ జరగలేదు. ఆమె కాసేపు నిలబడి, కూర్చుంది. అప్పుడు అమ్మ తన ముందున్న చాటను, మా రెండెకరాల విత్తనానికి ఒలుస్తున్న బుడ్డల చాటను, మెల్లగా ఆమె వైపు నెట్టింది.

సీరియల్‌లో ఎవరో తలుపు కొట్టారు. ఆమె మెడ సాచి మానిటర్ వైపు చూస్తూనే, ఒక కాయ తీసుకుని ఒలిచింది.