ఛార్జి అప్పజెప్పమన్న మావయ్య

మా పక్క క్వార్టర్ మావయ్య పోయాడు. డిగ్రీ అయ్యాక నేను చేరిన పరవాడ మందుల కంపెనీ ల్యాబ్ నుంచి బయటికొచ్చి, గేటు దగ్గర పెట్టిన ఫోన్ తీసుకుంటే నాన్న మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. తిరిగి చేస్తే, "మావయ్య పోనాడమ్మా," అన్నాడు మెల్లిగా. ఫోన్‌లో కూడా కేకలేసి మాట్లాడే మనిషి. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు ఉక్కునగరంలో మేమున్న క్వార్టర్, అందులో నా గది గుర్తొచ్చాయి.

వరసకి ఆయన మాకేమీ కాడు. నాన్నా ఆయనా స్టీలు ప్లాంటులో, ఎర్రగా కాలిన ఇనుముని కడ్డీలుగా సాగదీసే ఒకే రోలింగ్ మిల్లులో పనిచేశారు, ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవారు. అందుకని నాకు మావయ్య. నాన్నకంటే ముందే రిటైరయ్యాడు గానీ ఆయన ఒంట్లోంచి షిఫ్టులు పోలేదు. ఒక వారం తెల్లారకముందే లేచి తయారైపోయేవాడు, ఇంకో వారం పట్టపగలు ముసుగుతన్ని పడుకునేవాడు. "ఈయనికి రిటైర్మెంటు ఇచ్చారు గాని, ఈయన నిద్దరకి ఇవ్వనేదు," అని అత్తయ్య వాపోయేది.

మెడిసిన్ ఎంట్రన్స్ మొదటిసారి పోయాక నాన్న నన్ను ఇంట్లో కూర్చోబెట్టి చదివించాడు. కూర్చోబెట్టడమంటే నిజంగా కూర్చోబెట్టడమే. టీవీ కనెక్షన్ పీకించాడు. నా ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. తను డ్యూటీకి వెళ్తూ నా గదికి బయట గడియ పెట్టి, అన్నానికి తప్ప తియ్యొద్దని అమ్మకి చెప్పేవాడు. కిటికీలోంచి ఎదుటి బ్లాకు గోడ, దాని మీద పేరుకున్న నల్లటి దుమ్ము తప్ప ఇంకేమీ కనపడేది కాదు. అంతా నా మంచికేనని నాకూ తెలుసు. అందుకే ఎవర్నీ తిట్టుకోవడానికి కూడా లేకపోయింది.

అమ్మ పొద్దున్నే సరస్వతీ లేహ్యం, నానబెట్టిన బాదంపప్పులు నోట్లో కుక్కేది. ఎంత తిన్నా, ఎంత చదివినా, సాయంత్రానికి బుర్ర ఖాళీ. ముఖ్యమైన లైన్ల మీద పసుపు పెన్నుతో గీసి గీసి, చివరికి ఒక్కో పేజీ పెళ్లికూతురిలా తయారయ్యేది.

ఒకరోజు మధ్యాహ్నం బి షిఫ్టు బస్సు వెళ్లే వేళకి మావయ్య వచ్చాడు. గడియ తీసి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పుస్తకం మూసీ అమ్మా. సార్జి అప్పజెప్పు," అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు, దిగేవాడు ఎక్కేవాడికి సంగతులన్నీ నోటితో చెప్పాలట. ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి. అదంతా చెప్పాకే ఇంటికి వెళ్లాలట.

"ఈ కిడ్నీల పాఠం గురించి నీకేం చెప్పను మావయ్యా?"

"నాకేటీ తెలవదు కాబట్టే సెప్పు. తెలిసినోడికి సెప్తే నువ్వు ఒగ్గేసింది ఆడే కలిపేసుకుంటాడు. నీకెక్కడ ఆగిపోతాదో అక్కడే లీకేజీ. అది సూసుకో సాలు, మిల్లు మొత్తం ఇప్పక్కర్నేదు."

రెండు మాటలకే ఆగిపోయాను. ఆగిన చోటు మాత్రం మళ్లీ చదివి, పుస్తకం మూసి, మళ్లీ చెప్పాను. అలా రోజూ. వింటూ వింటూ ఆయన కునుకు తీసేవాడు, నేను తడబడితే మాత్రం కళ్లు తెరిచేవాడు. అంతా అయ్యాక, "డ్యూటీ దిగిపోనావు. ఎల్లి తొంగో," అనేవాడు. చదివింది నిలవాలంటే మనిషి నిద్రపోవాలని ఆయన గట్టి నమ్మకం. "ఇనుమైనా కూలింగ్ బెడ్డు మీద సల్లారాల. ఎర్రగా ఉన్నప్పుడే కట్ట కట్టేత్తే వంకర్లు పోతాది," అనేవాడు.

లేహ్యం ఆపించి, అత్తయ్య చేత చోడి అంబలి, అదే రాగి జావ, పంపించేవాడు. తన పూచీ మీద సాయంత్రాలు సెక్టార్ చుట్టూ నడిపించేవాడు. నడుస్తున్నా నా నోట్లో కిడ్నీలే. కొన్నాళ్లకి చదివింది తలలో నిలబడడం మొదలైంది. మీ ఇంట్లో పరీక్షలకి చదివే పిల్లలుంటే ఇవన్నీ చేసి చూడండి, ఖర్చు లేని పనులు. కానీ నాకు వాటన్నిటికంటే ఇష్టమైంది మావయ్య గడియ తీసే చప్పుడు. రోజంతా దానికోసమే ఎదురుచూసేదాన్ని.

ఇది పనిచేస్తోందని తెలిశాక నాన్న ఊరుకుంటాడా? ప్లాంటు మనిషి కదా, నా గది గోడకి షిఫ్టు చార్టు అంటించాడు. ఎ షిఫ్టు ఫిజిక్సు, బి షిఫ్టు కెమిస్ట్రీ, సి షిఫ్టు బయాలజీ. అన్నిటికీ మనిషిని నేనొక్కదాన్నే. నడక తీసేసి ఆ వేళకి మోడల్ పేపర్ పెట్టాడు. మావయ్య చార్టు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏటి బావా ఇది? మూడు షిఫ్టులూ ఒక్క ఆడగుంటకే ఏసీసావు. యూనియనోల్లు సూత్తే ఊరుకుంటారేటి?"

"పరీచ్చ దగ్గిరకొచ్చింది బావా. ఇంక నువ్వు రాకు," అన్నాడు నాన్న. మావయ్య వెళ్లిపోయాడు, గడియ పడింది.

పరీక్షలో మావయ్యకి చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. చార్టు వచ్చాక చదివినవి చాలామటుకు గుర్తు రాలేదు. సీటు రాలేదు. ఫలితాలొచ్చిన మర్నాడు నాన్న కొత్త మెటీరియల్ కట్టలు తెచ్చి నా మంచం మీద పెట్టి, "ఇంకొక్క ఏడాది," అన్నాడు. ఇంకో ఏడాది ఆ గోడ చూస్తూ కూర్చుంటే నేను మనిషిగా మిగలనని తెలుసు. ఆ మాట నాన్నతో అనలేక కట్టలన్నీ మంచం కిందికి తోసేశాను.

అది చూసి అమ్మ వెళ్లి మావయ్యని పిలుచుకొచ్చింది. ఆయన నాన్నతో మాట్లాడలేదు, నావైపు తిరిగాడు.

"నీకేటి సెయ్యాలనుందమ్మా?"

అప్పటిదాకా ఎవరూ నన్నడగని మాట అది. "బయటికెళ్లాలి మావయ్యా," అన్నాను. ఆయన స్కూటరు తీసి, నన్ను వెనకాల ఎక్కించుకుని అప్పికొండ బీచికి తీసుకెళ్లాడు. మా వెనకే నాన్న, బండి మీద, మా ఇద్దర్నీ తిట్టుకుంటూ.

నీళ్ల అంచున నిలబడి చెప్పాను. "ఈ పరీక్ష ఇంక నేను రాయను నాన్నా. డిగ్రీలో చేరతాను."

నాన్న గిరుక్కున బండి వైపు తిరిగాడు. మావయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "పూర్తిగా ఇను బావా," అన్నాడు.

గడియ గురించి చెప్పాను. గోడ గురించి చెప్పాను. నాన్న చెప్పుల చప్పుడు వినపడితే నాకు వణుకొస్తుందని చెప్పాను. మధ్యలో చాలాసార్లు ఏడుపొచ్చి ఆగిపోయాను. ఒక పెద్ద అల వచ్చి వాళ్లిద్దరి ప్యాంట్లూ మోకాళ్లదాకా తడిపేసింది. నాన్న చెయ్యి లాక్కోబోయాడు. మావయ్య వదల్లేదు. నా ఆఖరి మాట అయ్యేదాకా, మిల్లులో కాలిన మచ్చలున్న ఆ చెయ్యి నాన్న మణికట్టుని అలాగే పట్టుకుని ఉంది.