కోట ముందు చెప్పులు

మా ఊళ్లో కోట ముందు నుంచి ఎవరు నడిచినా చెప్పులు తీసి చేత్తో పట్టుకోవాలి. ఎక్కడి నుంచో నాలుగు గుర్రాలతో దిగి, మా వాళ్ల చేతే రాళ్లు మోయించి కోట కట్టుకున్న రాజులు పెట్టిన పద్ధతి అది. అప్పట్లో తీయనివాడి వీపు చిట్లేదట. ఆ భయానికే మర్యాద అని పేరు పెట్టి మా తాతలు మాకు అప్పగించి పోయారు.

జమీందారీ రద్దయింది. ఏనుగులు పోయాయి. కోటలోవాళ్లు ఓట్లకు నిలబడితే మా వీధి వీధంతా వేసి గెలిపించింది. తరవాత వాళ్లలో వాళ్లకే పడక కోర్టుకెక్కి, తోటలూ గుర్రాలశాలా అమ్ముకున్నారు. మా నాన్న మాత్రం చెప్పులు తీయడం మానలేదు. ఆయనకు షుగరు. వట్టికాళ్లతో అడుగు వేయొద్దని, చిన్న దెబ్బ తగిలినా కాలు తీసేయాల్సి వస్తుందని రాజాం డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

భోగాపురంలో విమానాశ్రయం అనగానే మా వైపు కూడా స్థలాల ధరలు లేచాయి. ఆఖరి వారసుడు విశాఖ నుంచి వచ్చి కోటను లేఅవుట్ వాళ్లకు అమ్మేశాడు. పొక్లెయిన్ సింహద్వారాన్ని రాళ్లకుప్ప చేసింది. ప్లాట్ల ప్రారంభానికి ఆ వారసుడే బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి రిబ్బను కత్తిరించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం నాన్న అటుగా వెళ్తూ, ద్వారం ఉండే చోట చెప్పులు తీశాడు. పాత తలుపు మేకు అరికాల్లో దిగింది. షుగరు కాళ్లకు ఆ నొప్పి కూడా తెలియలేదు. ఇంట్లో గచ్చు మీద నెత్తురు అడుగులు చూసి అమ్మ గొల్లుమంది.

పుండు మానలేదు. పెద్దాసుపత్రిలో ఎడమ పాదం తీసేశారు.

"కోటేదీ నాన్నా? ఎవుడి కోసం తీసావు?" అని మంచం పక్కనే అరిచాను.

"కోట నేకపోతే ఏటిరా. మా అయ్య తీసీవోడు, ఆల అయ్యా తీసీవోడు. నానొక్కణ్నీ ఏసుకోని ఎల్తానేటి?"

"ఉన్న కాలైనా సూసుకో."

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి పంపిన రోజు ఆటోలో తీసుకొస్తున్నాం. కుడికాలికి డాక్టరు రాసిన మెత్తటి చెప్పు నేనే తొడిగాను. తీయనని అమ్మ ఒట్టు కూడా వేయించుకుంది. లేఅవుట్ బోర్డు కనబడగానే నాన్న ముందుకు వంగాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని, ఉన్న ఒక్క చెప్పూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.